గేమింగ్‌కి ప్రాసెసర్ ఎంచుకోవడం ఎలా: షాపుకి వెళ్లేముందు వేసుకోవాల్సిన లెక్క

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా కంప్యూటర్ షాపుకి పోయి గేమింగ్ సిస్టమ్ కావాలని అడిగితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఐ5 ఇయ్యాల్నా, ఐ7 ఇయ్యాల్నా అన్నా?" ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల వరసల పేర్లు. ఆ ప్రశ్నకి అప్పుడే జవాబు చెప్పకండి. 2011లో వచ్చిన ఐ7-2600 పేరులోనూ ఐ7 ఉంది, 2023లో వచ్చిన ఐ7-14700కే పేరులోనూ ఐ7 ఉంది. మొదటిదాంట్లో నాలుగు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), రెండోదాంట్లో ఇరవై. మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి. ఉత్త "ఐ7" అంటే ఏమీ చెప్పనట్టే లెక్క.

బత్తాయి తోట మీద వచ్చిన డబ్బులోంచో, నెలజీతంలో మిగిల్చిందాంట్లోంచో ఇంట్లోవాళ్లు కొడుక్కో కూతురికో సిస్టమ్ కొనిపెడతారు. ఆ డబ్బు సరైన చోట పడాలన్నదే నా బాధంతా. అందుకే మొదటి నుంచి చివరిదాకా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇప్పుడే చెప్తున్నా: ఒక ప్రాసెసర్‌ని ఇంకో ప్రాసెసర్‌తో పోల్చేముందు దాన్ని మీ ఆటతో, మీ గ్రాఫిక్స్ కార్డుతో, మీ మానిటర్‌తో పోల్చాలి. ఆ మూడూ తెలియకుండా "ఏది బెస్ట్" అని అడిగితే ఎవరు చెప్పినా అది గాల్లో మాటే.

ముందు ఆట, మానిటర్, కార్డు

ఒక కాగితం తీసుకుని రాయండి. ఎక్కువగా ఆడేవి ఏ ఆటలు? మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌ది, ఎంత రిజల్యూషన్‌ది? గ్రాఫిక్స్ కార్డ్ ఏది ఉంది, లేకపోతే దానికి ఎంత పెట్టగలరు?

ఆటను బట్టి భారం ఎక్కడ పడుతుందో మారిపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి షూటింగ్ ఆటల్లో బొమ్మ సాదాగానే ఉంటుంది. కానీ ఆడేవాళ్లకి సెకనుకి రెండు వందల ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) కావాలి, కాబట్టి భారమంతా ప్రాసెసర్ మీదే. సిటీస్ స్కైలైన్స్ లాంటి నగరం కట్టే ఆటల్లో జనాభా పెరిగేకొద్దీ ప్రాసెసర్‌కి ఊపిరాడదు. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి హై సెట్టింగ్స్‌లో పెడితే ముందు అలసిపోయేది గ్రాఫిక్స్ కార్డ్. బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో ఫోన్ ఆటలు ఆడేవాళ్లకి మళ్లీ ప్రాసెసరే ముఖ్యం. దాంతోపాటు బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. అది ఆఫ్‌లో ఉంటే ఎంత మంచి చిప్ అయినా ఎమ్యులేటర్ నత్తనడకే నడుస్తుంది.

మానిటర్ సంగతి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 ఫ్రేములే చూపిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 16.7 మిల్లీసెకండ్ల గడువు. 144 హెర్ట్జ్ అయితే ఆ గడువు 6.9 మిల్లీసెకండ్లకి పడిపోతుంది. ఆ కాస్త టైమ్‌లోనే శత్రువు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎక్కడ తగిలింది, ఏ శబ్దం రావాలి అన్నీ తేల్చి, ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పేది ప్రాసెసర్. గీసే పని కార్డుది. 60 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని కథ ఉన్న ఆటలు ఆడేవాళ్లు పెద్ద ప్రాసెసర్ కొంటే, ఆ తేడా వాళ్ల కంటికి కనపడదు.

ఒక్క మాట మధ్యలో చెప్పాలి. వాలరెంట్‌లో "లాగ్ అవుతోంది" అని ప్రాసెసర్ మార్చడానికి సిద్ధపడేవాళ్లు ముందు పింగ్ (సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) చూసుకోండి. మనకి దగ్గర సర్వర్ ముంబైలో ఉంది. పింగ్ ఎగిరిపడుతుంటే అది నెట్ సమస్య, ఏ ప్రాసెసరూ దాన్ని తగ్గించలేదు. ఫ్రేములు పడిపోవడం వేరు, పింగ్ పెరగడం వేరు.

పేరులోని అంకెలూ అక్షరాలూ

షాపులో కొటేషన్ రాయించుకునేటప్పుడు మోడల్ పేరు మొత్తం రాయమనండి. "ఐ5 12 జెన్" అని రాస్తే చాలదు. ఐ5-12400ఎఫ్ అనుకుందాం. ముందున్న 12 తరాన్ని చెప్తుంది, 400 ఆ తరంలో దాని స్థాయి, చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేవని. ఎఫ్ చిప్ తీసుకుంటే విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉండి తీరాలి, లేకపోతే తెర మీద బొమ్మే రాదు. కే అంటే స్పీడ్ పెంచుకోవడానికి తాళం తీసిపెట్టిన రకం. దానికి బాక్సులో కూలర్ (చిప్పుని చల్లబరిచే ఫ్యాన్) రాదు, విడిగా కొనాలి. టీ అంటే తక్కువ కరెంటు మీద నడిచేది, గేమింగ్‌కి వద్దు.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వైపు రైజెన్ పేర్లలో జీ ఉంటే లోపల కాస్త గట్టి గ్రాఫిక్స్ ఉన్నట్టు. ఎక్స్3డీ ఉంటే గేమింగ్ కోసమే అదనపు క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పెట్టినట్టు. ఇక్కడ ఒక జంటని దగ్గరనుంచి చూపిస్తా, ఎందుకంటే మన షాపుల్లో ఒకదాని బదులు ఇంకోటి అంటగట్టేది ఎక్కువగా ఇవే: రైజెన్ 5 5500, రైజెన్ 5 5600. పేరులో తేడా వంద. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పని వరసలు). కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. 5600 పీసీఐఈ 4.0 (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య దారి) ఇస్తుంది, 5500 మాత్రం 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చిన్న కార్డుకి నాలుగే లేన్లు ఉంటాయి. దాన్ని 5500తో గానీ 5600జీతో గానీ కలిపితే ఆ దారి ఇంకా ఇరుకై కొన్ని ఆటల్లో ఫ్రేములు బాగా పడిపోతాయి. బిల్లు మీద "రైజెన్ 5 ఆరు కోర్లు" అని మాత్రమే రాసి ఉంటే, వచ్చింది ఈ రెండింట్లో ఏదో మీకు తెలియదు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఐ7-1355యూలో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. బేస్ పవర్ 15 వాట్లు. ఐ5-12450హెచ్‌లో పెద్ద కోర్లు నాలుగు, బేస్ పవర్ 45 వాట్లు. తరం ఒకటి పాతదైనా, పేరులో ఐ5 అని ఉన్నా గేమింగ్‌కి నేను రెండోదే తీసుకుంటా. చివర యూ ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు రావాలనే ఆఫీసు పనివాళ్లకి, హెచ్ గానీ హెచ్ఎక్స్ గానీ ఉంటే ఆటలకి. రైజెన్ 7000 వరస ల్యాప్‌టాప్ చిప్‌లలో మూడో అంకె చూడండి, అది లోపలి డిజైన్ ఏ కాలానిదో చెప్తుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2. అంటే పేరు కొత్తదైనా లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్.

కోర్లు, గిగాహెర్ట్జ్, క్యాష్

కోర్లు ఎక్కువుంటే ఆట వేగంగా నడుస్తుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఈ రోజు ఆటలకి ఆరు మంచి కోర్లు, పన్నెండు థ్రెడ్లు సరిపోతాయి. ఎనిమిది ఉంటే నిశ్చింత. ఆ పైన వీడియో ఎడిటింగ్‌కీ, స్ట్రీమింగ్‌కీ పనికొస్తాయి కానీ ఆటలో తేడా తక్కువే. పదహారు కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ కంటే ఎనిమిది కోర్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ ఆటల్లో ముందుంటుంది. కోర్ల లెక్కతో దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు?

గిగాహెర్ట్జ్ కూడా అంతే. ఒకే కుటుంబంలోని చిప్‌లని పోల్చడానికి అది పనికొస్తుంది, వేర్వేరు తరాలని పోల్చడానికి పనికిరాదు. రైజెన్ 7 5800ఎక్స్ స్పీడ్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ 4.5 దగ్గరే ఆగుతుంది. అయినా ఆటల్లో గెలిచింది రెండోదే. కారణం క్యాష్: మొదటిదాంట్లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, రెండోదాంట్లో 96 ఎంబీ.

కిరాణా కొట్టులో పదేపదే అడిగే సరుకు గల్లా పక్కనే పెట్టుకున్న సేటు, వెనక గోదాంలోకి పోకుండా బేరం ముగిస్తాడు. క్యాష్ గల్లా పక్కన ఉన్న చోటు, ర్యామ్ గోదాం. ఆటలో ప్రతి ఫ్రేముకీ అవే లెక్కలు, అవే వస్తువులు మళ్లీ మళ్లీ కావాలి. అవి క్యాష్‌లోనే దొరికితే ప్రాసెసర్ ర్యామ్ కోసం ఎదురుచూడదు. రెండరింగ్ (3డీ బొమ్మలు తయారుచేయడం) లాంటి పనుల్లో ఈ లాభం పెద్దగా ఉండదు. అందుకే సినీబెంచ్ మల్టీకోర్ స్కోరు చూపించి "ఇది గేమింగ్‌కి బెస్ట్" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. అది వేరే పనికి పెట్టిన పరీక్ష.

కొత్తది కాబట్టి మంచిదన్న లెక్క కూడా ఎప్పుడూ నిలబడదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే చాలా ఆటల్లో దాని ముందు తరం 14900కే కన్నా వెనకబడింది. కరెంటు మాత్రం తక్కువ వాడింది.

రెండు చార్టుల లెక్క

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే. నిదానంగా చదవండి.

మీకు తెర మీద వచ్చే ఫ్రేములు రెండు హద్దుల మధ్య తేలతాయి. ప్రాసెసర్ సెకనుకి ఇన్ని ఫ్రేములు సిద్ధం చేయగలదు అన్నది ఒక హద్దు. గ్రాఫిక్స్ కార్డ్ ఇన్ని గీయగలదు అన్నది రెండో హద్దు. ఈ రెండింట్లో ఏది తక్కువైతే మీకు దక్కేది అదే.

రివ్యూ చేసేవాళ్లు ప్రాసెసర్లని పరీక్షించేటప్పుడు మార్కెట్‌లో ఉన్న అన్నిటికంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి, రిజల్యూషన్ 1080పీకి తగ్గిస్తారు. కార్డు అడ్డు రాకుండా ప్రాసెసర్ హద్దు బయటపడాలని అలా చేస్తారు. "లక్షన్నర కార్డ్ పెట్టుకుని 1080పీలో ఎవడు ఆడతాడు?" అని కొందరు కోప్పడతారు గానీ, పరీక్ష చేయాల్సింది అలాగే. తప్పు ఎక్కడంటే, ఆ చార్టులో కనిపించిన తేడా మన చిన్న కార్డు మీద కూడా అంతే ఉంటుందని మనం అనుకోవడంలో.

కాబట్టి రెండు చార్టులు తెరవండి. ఒకటి మీ ఆటలో ప్రాసెసర్ల చార్టు, రెండోది అదే ఆటలో, అవే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కార్డుల చార్టు. లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు వేసుకుందాం. ప్రాసెసర్ల చార్టులో తక్కువ ధరది 130 ఫ్రేములు, ఎక్కువ ధరది 190 ఇచ్చిందనుకోండి. మీ కార్డు అదే ఆటలో 75 గీయగలదు. మీకు వచ్చేది మొదటి ప్రాసెసర్‌తో 75, రెండోదానితోనూ 75. అదనంగా పెట్టిన డబ్బు తెర మీద ఎక్కడా కనపడదు. అదే డబ్బు కార్డు మీద పెట్టి 110 గీసేది తెచ్చుకుంటే ప్రతి రోజూ తేడా కనిపిస్తుంది. ఇప్పుడు వాలరెంట్ లాంటి ఆటలో సెట్టింగ్స్ తగ్గించి పెట్టి కార్డు హద్దు 400 అనుకోండి, ప్రాసెసర్లవి 220, 330. ఇక్కడ తేల్చేది ప్రాసెసరే. మానిటర్ 240 హెర్ట్జ్‌ది అయితే రెండోదానికి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది, 60 హెర్ట్జ్‌ది అయితే లేదు.

రెండు మెలికలు ఉన్నాయి. రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంలా లెక్కగట్టే సెట్టింగ్) ఆన్ చేస్తే కార్డుతో పాటు ప్రాసెసర్ మీదా భారం పెరుగుతుంది, కాబట్టి అది ఆఫ్‌లో ఉన్న చార్టు చూసి ఆన్ చేసిన ఆటకి లెక్క కట్టకండి. ఇంకొకటి, కార్డు డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ప్రాసెసర్ టైమ్ తింటుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 మంచి ధరకి మంచి కార్డే, కానీ పాత ప్రాసెసర్లతో కలిపినప్పుడు కొన్ని ఆటల్లో బాగా వెనకబడుతుందని పరీక్షల్లో తేలింది. పాత సిస్టమ్‌లో ఆ కార్డు పెట్టాలనుకునేవాళ్లు మీ ప్రాసెసర్‌తోనే చేసిన పరీక్ష వెతకండి.

చార్టులో సగటు ఫ్రేములు చూసి ఆగిపోకండి. పక్కనే "1 శాతం లో" (ఇక్కడ లో అంటే తక్కువ) అని ఇంకో అంకె ఉంటుంది. మొత్తంలో అధ్వానంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 140 ఉండి 1 శాతం లో 45 ఉంటే, మలుపు తిరిగి ఎదురుగా శత్రువు కనపడ్డ క్షణంలోనే బొమ్మ జర్క్ ఇస్తుంది. సగటు 115 ఉండి 1 శాతం లో 85 ఉన్నది ఆడటానికి ఎంతో హాయిగా ఉంటుంది. ప్రాసెసర్ల మధ్య అసలు తేడా చాలాసార్లు ఈ అంకెలోనే బయటపడుతుంది. నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ సగటులో బాగానే కనిపిస్తుంది, కొత్త పెద్ద ఆటల్లో మాత్రం ఈ దగ్గరే తడబడుతుంది.

ఎవరి చార్టులు చూడాలి? గేమర్స్ నెక్సస్, హార్డ్‌వేర్ అన్‌బాక్స్డ్, టెక్‌పవర్‌అప్ లాంటివాళ్లు ఏ కార్డు, ఏ ర్యామ్, ఏ సెట్టింగ్స్ అన్నీ ముందే చెప్పి పరీక్ష చేస్తారు. యూట్యూబ్‌లో రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి పైన అంకెలు తిప్పే ఛానెళ్లు బోలెడు. మనిషి గొంతు వినపడదు, చిప్పు కనపడదు, టెస్ట్ సిస్టమ్ వివరాలు సరిగ్గా ఉండవు. ఇంకా మార్కెట్‌లోకి రాని చిప్‌కి కూడా అంకెలు చూపించే ఘనులు ఉన్నారు. అలాంటివి చూసి డబ్బు పెట్టకండి.

ఇప్పటికే సిస్టమ్ ఉంటే

కొత్తది కొనేముందు ఉన్నదాన్ని పరీక్షించండి. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే ఆడుతుండగానే తెర మూలన అంకెలు కనిపిస్తాయి. రెండూ ఉచితమే. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, ఫ్రేములు, 1 శాతం లో, ఒక్కో కోర్ వాడకం, టెంపరేచర్ ఆన్ చేసుకోండి.

జీపీయూ వాడకం 97 నుంచి 99 శాతం దగ్గర నిలబడి ఉంటే కార్డు తన పూర్తి శక్తితో పని చేస్తోంది, ప్రాసెసర్ మార్చి లాభం లేదు. జీపీయూ 60, 70 శాతం దగ్గరే తిరుగుతూ ఫ్రేములు చాలడం లేదంటే ప్రాసెసర్ వెనకబడినట్టే. పరీక్షించేముందు ఆటలో ఫ్రేమ్ లిమిట్, వీ-సింక్ (ఫ్రేములని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేయండి. అవి ఉంటే కార్డు ఖాళీగా ఉన్నట్టు కనిపించి మీ లెక్క తారుమారవుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ (ప్రాసెసర్) 35 శాతం అని చూపిస్తుంది, "సగం కూడా వాడట్లేదు, ప్రాసెసర్‌కేం కాలేదు" అనుకుంటారు. పన్నెండు థ్రెడ్ల చిప్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోతే మొత్తం లెక్కలో అది ఎనిమిది శాతమే. ఆటలో ముఖ్యమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. అవి నిండిపోయాక మిగతావి ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. అందుకే మొత్తం శాతం వదిలేసి జీపీయూ వాడకం చూడమన్నది.

ఇంకో సులువైన పరీక్ష: రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు అడ్డం, ఏమాత్రం పెరగకపోతే ప్రాసెసర్ అడ్డం. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్ ఉంటే దాని లోపలి బెంచ్‌మార్క్ నడపండి. ప్రాసెసర్ ఎన్ని ఫ్రేములు ఇవ్వగలదో, కార్డు ఎన్ని ఇవ్వగలదో విడివిడిగా చూపించి, ఎంత శాతం సమయం కార్డు అడ్డం పడిందో కూడా చెప్తుంది. ఏ ఆటలో చేసినా అదే చోటు, అదే దారి, మూడుసార్లు నడిపి సగటు తీయండి. ఆట తెరిచాక మొదటిసారి వచ్చిన అంకెని లెక్కలోకి తీసుకోకండి, అప్పుడు ఫైళ్లు ఇంకా లోడ్ అవుతూ ఉంటాయి.

ప్రాసెసరే అడ్డమని తేలినా వెంటనే కొత్తది కొనకండి. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉందేమో చూడండి. పదహారు జీబీ ఒకే స్టిక్ కంటే ఎనిమిది, ఎనిమిది రెండు స్టిక్కులు మేలు, అప్పుడే డ్యూయల్ చానెల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా రావడం) పని చేస్తుంది. 5600జీ లాంటి లోపలి గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకైతే ఈ ఒక్క మార్పుతో ఆట స్వరూపమే మారిపోతుంది. తర్వాత బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌కి నడిపే సెట్టింగ్), ఏఎండీ కొత్త బోర్డుల్లో ఎక్స్‌పో, ఆన్‌లో ఉందో లేదో చూడండి. 3200 అని రాసి ఉన్న ర్యామ్‌ను కొనుక్కుని, ఏళ్ల తరబడి 2133 మీదో 2666 మీదో నడిపిస్తున్నవాళ్లు మన దగ్గర ఎంతోమంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్పీడ్ కనిపిస్తుంది.

చిప్పు ధర ఒక్కటే ధర కాదు

ప్రాసెసర్‌తోపాటు మదర్‌బోర్డు, ర్యామ్, కూలర్ కలిపి లెక్క కట్టాలి. ఏఎండీలో ఏఎమ్4 సాకెట్ (చిప్పు కూర్చునే చోటు) ఉన్న బోర్డులకి డీడీఆర్4 ర్యామ్, ఏఎమ్5 బోర్డులకి డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12, 13, 14 తరాల బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, ఏ బోర్డు ఏ ర్యామ్‌దో అడిగి తీసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు ఈ లెక్క మరీ ముఖ్యం. ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లకి దాన్ని అలాగే వాడుకునే దారి తెలివైంది: పాత రైజెన్ ఉన్న ఏఎమ్4 బోర్డుకి బయాస్ అప్‌డేట్ చేసి 5600 పెట్టుకుంటే బోర్డూ ర్యామూ మిగులుతాయి. మొత్తం కొత్తగా కట్టేవాళ్లకి ఏఎమ్5లో ఒక లాభం ఉంది, 2027 దాకా, ఆ తర్వాతా ఆ సాకెట్‌కి చిప్‌లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఈరోజు 7500ఎఫ్ పెట్టుకుని, డబ్బు చేతికొచ్చాక అదే బోర్డులో ఎక్స్3డీ వేసుకోవచ్చు.

రైజెన్ 5 5600, 7600, ఐ5-12400ఎఫ్ బాక్సుల్లో కూలర్ వస్తుంది. 7800ఎక్స్3డీకి, 9800ఎక్స్3డీకి రాదు. అలాగే కింది రకం హెచ్610 బోర్డు మీద ఐ7 పెట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆ బోర్డు అంత కరెంటు సరిగ్గా అందించలేదు, చిప్పు వేగం తగ్గించుకుని నడుస్తుంది.

మొత్తం ఖర్చు రాసుకుని, మీ ఆటలో వచ్చే 1 శాతం లో అంకెతో భాగించండి. ఒక్కో ఫ్రేముకి ఎన్ని రూపాయలు పడుతున్నాయో తెలుస్తుంది. మీ మానిటర్ హద్దు దాటిన ఫ్రేములని ఆ లెక్కలో కలపకండి.

"ఐ7 గేమింగ్ పీసీ, పదిహేను వేలే" అని వచ్చే బేరాల గురించి గట్టిగానే చెప్పాలి. వాటిలో ఉండేది సాధారణంగా ఐ7-2600, 3770, 4770, అంటే 2011 నుంచి 2013 మధ్యలోవి. నాలుగు కోర్ల కొత్త ఐ3-12100ఎఫ్ ఆటల్లో వీటన్నిటినీ దాటేస్తుంది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 వరస నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతుంది. పాత ఐ7 సిస్టమ్ మీద ఏదోలా విండోస్ 11 ఎక్కించినా ఆట తెరుచుకోదు. చదువుకి, టైపింగ్‌కి అయితే అవి పనికొస్తాయి, ఆటల కోసం మాత్రం కొనకండి.

సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఇంటెల్ చిప్‌లు, ముఖ్యంగా ఐ7, ఐ9లు తీసుకునేటప్పుడు ఒక విషయం తెలిసి ఉండాలి. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల దెబ్బతిని ఆటలు క్రాష్ అయ్యేవి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ కొత్త నష్టాన్ని ఆపుతుంది, ముందే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. బిల్లు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర వీటిని కొనకండి.

ఎండ, కరెంటు

రివ్యూల్లో పరీక్షలు ఏసీ గదుల్లో, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర జరుగుతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 43, 44 దాటుతుంది, రేకుల ఇంట్లోనో పై అంతస్తులోనో గది మధ్యాహ్నం 38కి తక్కువ ఉండదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. రివ్యూలో 72 చూపించింది మన గదిలో 85 అవుతుంది. రివ్యూలోనే 90 చూపించిన చిప్పు మన దగ్గర హద్దు తాకి వేగం తగ్గించుకుంటుంది, అంటే చార్టులో చూసిన ఫ్రేములు మే నెల మధ్యాహ్నం మీకు రావు. అందుకే ఏసీ లేని ఇంటికి 65 వాట్ల తరగతి చిప్‌లనే నేను ముందు చూడమంటా. 253 వాట్ల దాకా లాగే 14900కే కంటే 120 వాట్ల 7800ఎక్స్3డీ ఆటల్లో వెనకబడదు, పైగా చల్లగా ఉంటుంది. గదిలో నీళ్ల ఎయిర్ కూలర్ వాడేవాళ్లు ఆ తడిగాలి నేరుగా క్యాబినెట్‌కి కొట్టేలా పెట్టకండి.

కరెంటు పోయినప్పుడు ఆట మధ్యలో ఆగకూడదంటే వాట్ల లెక్క ఇంకోసారి చూసుకోవాలి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకే మోస్తుంది. 65 వాట్ల చిప్పు, మధ్యరకం కార్డు, మానిటర్ దాంట్లో ఇముడుతాయి. పెద్ద ఐ9, పెద్ద కార్డు ఇమడవు, కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే మారే ఆ క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

కొనేరోజు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రకాలూ బేరమూ రెండూ ఎక్కువే. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. కానీ తర్వాత ఏదైనా తేడా వస్తే మళ్లీ అక్కడికే మోసుకుపోవాలి. ధరలో తేడా కొద్దిగానే ఉంటే సొంత ఊరి షాపే మేలు. అక్కడ రాయించుకున్న కొటేషన్ ఫోన్‌లో ఫోటో తీసి ఊళ్లో చూపించండి, చాలామంది ఆ ధరకి దగ్గరగా వస్తారు.

బాక్సు మీద సీలు చూడండి. "ట్రే పీస్" అని బాక్సు లేకుండా ఇచ్చేదానికి కంపెనీ మూడేళ్ల బాక్స్ వారంటీ ఉండదు, షాపువాళ్ల మాటే వారంటీ. ధర బాగా తక్కువైతే తప్ప తీసుకోకండి. జీఎస్టీ బిల్లులో మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబర్ రాయించండి. అసెంబుల్ చేశాక అక్కడే సీపీయూ-జెడ్ (చిప్పు వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి నాలుగు చూడండి: చిప్పు పేరు, ఎల్3 క్యాష్ ఎంత, ర్యామ్ డ్యూయల్ చానెల్‌లో ఉందా, దాని స్పీడ్ ఎంత. అందులో ర్యామ్ స్పీడ్ సగమే కనిపిస్తుంది, 3200 ర్యామ్ అయితే 1600 దగ్గర్లో ఉంటుంది, కంగారుపడకండి. పావుగంట ఏదైనా ఆట నడిపి టెంపరేచర్ చూడండి. కొత్త సిస్టమ్, అదీ షాపు ఏసీలో 90 దాటితే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా దాని కింద ప్లాస్టిక్ తీయకుండా బిగించారు. విప్పించి మళ్లీ బిగించమనండి.

ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, అక్కడ 60 అని ఉన్నదాన్ని మార్చకుండా నెలల తరబడి ఆడేవాళ్లు ఉన్నారు.